ప్రజల సొమ్ముతో కూర్చిన ఊళ్ళ చరిత్రను ప్రజలకే వదలండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల భాషా సాంస్కృతిక, పౌర గ్రంథాలయ, సమాచార పౌర సంబంధాల, రెవెన్యూ, పురావస్తు శాఖల ఉన్నతాధికారులకు, రాష్ట్ర ఆర్కైవ్స్ సంచాలకులకు, జిల్లా కలెక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

తెలుగు వికీపీడియాలో మన ఊళ్ళ గురించి, ఆ ఊళ్ళలో పుట్టి పదిమందికి పనికొచ్చిన మనుషుల గురించి స్వచ్ఛందంగా రాసేవాళ్ళ తరఫున ఈ లేఖ రాస్తున్నాను. బడిపంతుళ్ళు, రిటైరైన ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, కాలేజీ పిల్లలు, ఇంటి పని ముగిశాక రాత్రిపూట రాసే గృహిణులు మాలో ఉన్నారు. ఎవరికీ జీతం లేదు. వ్యాసం కింద రాసినవాళ్ళ పేరూ ఉండదు. మాలో పలువురం మీ కార్యాలయాలకు విడివిడిగా వినతిపత్రాలు ఇచ్చాం, ఈమెయిళ్ళు పంపాం, నేరుగా వచ్చి కలిశాం. మంచి పని చేస్తున్నారని మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, పైకి పంపుతామన్నవాళ్ళు ఉన్నారు. అవుననో కాదనో కాగితం మీద జవాబు మాత్రం రాలేదు. అందుకే నలుగురికీ తెలిసేలా రాయాల్సి వచ్చింది.

మా కోరిక ఒక్కటే. ప్రజల సొమ్ముతో తయారైన స్థానిక చరిత్రను, అంటే పుస్తకాలు, ఫోటోలు, పటాలు, జాబితాలు, పాత పత్రికల ప్రతులను, ఎవరైనా వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేయండి. ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి. మాకు నిధులు వద్దు, భవనం వద్దు, సన్మానాలు అసలే వద్దు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇవాళ అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. 2011 జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో 27 వేలకు పైగా రెవెన్యూ గ్రామాలుండేవి. ఊరికో పేజీ ఉండాలన్నది మా పట్టుదల. చాలా ఊళ్ళకు పేజీ ఉంది కూడా. ఉన్న పేజీలో ఏముందన్నదే మా బాధ.

తెలుగు నేలకు ఇది కొత్త పని కాదు. రెండు వందల ఏళ్ళ కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రల రాతలు, సేకరించబట్టే ఎన్నో ఊళ్ళ పుట్టుక, గుళ్ళ కథ, చెరువుల కథ మనకు తెలుస్తున్నాయి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి తన గోలకొండ పత్రిక ద్వారా వివరాలు రాబట్టి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువరించి, అది పూర్తి కాకుండానే 1923లో కన్నుమూశారు. వాళ్ళు మొదలుపెట్టిన పనినే మేం మా శక్తి మేరకు చేస్తున్నాం. వాళ్ళకు లేని కంప్యూటర్లు, ఫోన్లు మాకున్నాయి. సమాచారం మాత్రం మీ బీరువాల్లో ఉంది.

మా నియమాలు రెండు చెప్పాలి, లేకపోతే మా ఇబ్బంది అర్థం కాదు. మొదటిది, రాసిన సంగతికి నమ్మదగిన, అచ్చయిన ఆధారం చూపాలి. "మా ఊళ్ళో పెద్దలు చెప్పారు" అంటే చెల్లదు. రెండోది, మేం ఎక్కించే ఫోటో గానీ, పటం గానీ, పుస్తకం గానీ స్వేచ్ఛా లైసెన్సులో ఉండాలి. కర్త పేరు చెప్పి ఎవరైనా తిరిగి వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చు వేసి అమ్ముకోవచ్చు అని హక్కుదారు రాసి ఇస్తేనే అది స్వేచ్ఛా లైసెన్సు. "మా వెబ్‌సైట్‌లో ఉంది కదా, ఉచితంగా చూసుకోండి" అంటే సరిపోదు. సినిమా తారలకు, మంత్రులకు, మహానగరాలకు ఆధారాలకు కొదవ లేదు. ఒక ఊరికి, ఆ ఊరి చెరువుకు, ఆ ఊరి బడికి స్థలమిచ్చిన మనిషికి దొరికే ఆధారం చాలాసార్లు ప్రభుత్వం దగ్గర మాత్రమే ఉంటుంది. ఆ ఆధారం అందకపోతే మామూలు జనానికి ఏం జరుగుతోందో ఇక వరుసగా చెబుతాను.

1. మునిగిన ఊళ్ళకు ఆనవాలు లేకుండా పోతోంది.

శ్రీశైలం జలాశయం కింద 1980ల తొలినాళ్ళకు వంద దాకా ఊళ్ళు పోయాయి. కృష్ణా తుంగభద్రల కూడలి దగ్గరున్న సంగమేశ్వరాలయాన్ని ఊడదీసి, అలంపురం తరలించి, మళ్ళీ నిలబెట్టారు. గొప్ప పని అది. ఆ పని చేసినవాళ్ళను తలచుకోకుండా అలంపురం పేజీ రాయలేం. కానీ గుడికి దక్కిన శ్రద్ధ ఆ చుట్టుపక్కల మునిగిన ఊళ్ళకు దక్కలేదు. మొన్నమొన్న మల్లన్నసాగర్ జలాశయం కోసం వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, రాంపూర్, లక్ష్మాపూర్ మన కళ్ళముందే ఖాళీ అయ్యాయి. పోలవరం ప్రాజెక్టు ముంపు జాబితాలో 370కి పైగా ఆవాసాలున్నాయి. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా ఉంటున్న గూడేలు వాటిలో ఎన్నో.

పరిహారం కట్టడానికి ప్రభుత్వ సిబ్బంది ఇలాంటి ఊళ్ళలో ప్రతి ఇంటినీ కొలుస్తారు. గోడ మట్టిదా ఇటుకదా, కప్పు పెంకులా రేకులా, దొడ్లో ఎన్ని కొబ్బరి చెట్లు, ఎన్ని మామిడి చెట్లు, బావి ఉందా, ఉంటే ఎంత లోతు అని రాసుకుంటారు. గుడి, మసీదు, చర్చి, శ్మశానం, బడి, పంచాయతీ ఆఫీసు పటం మీద గుర్తిస్తారు. ఫోటోలు తీస్తారు. ఆ ఊరి గురించి అంత వివరంగా రాసిన కాగితం అంతకు ముందు లేదు, ఇక మీదట ఉండబోదు. పరిహారం పంచి, కోర్టు కేసులు తేలాక ఆ ఫైలుతో ఎవరికీ పని ఉండదు. పని లేని ఫైలు ఏమవుతుందో మీకు మాకంటే బాగా తెలుసు.

పునరావాస కాలనీలో పుట్టిన పిల్లలు తాత ముత్తాతల ఊరి పేరు కొట్టి వెతికితే ఇప్పుడు దొరికేది జనగణన అంకెలే. ఇన్ని ఇళ్ళు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు. బొడ్రాయి ఎక్కడుండేదో, బతుకమ్మలు ఏ కుంటలో కలిపేవాళ్ళో, బడి ఏ ఏడు కట్టారో లేదు. ఊరు ఇచ్చినవాళ్ళకు పొలం బదులు పొలమో డబ్బో ఇచ్చామంటారు. ఊరి గుర్తు ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు, అయినా ఇవ్వలేదు.

వ్యక్తుల పేర్లు, పరిహారం లెక్కలు తీసేసి, ముంపు గ్రామాల పటాలను, ఉమ్మడి కట్టడాల జాబితాలను, ఫోటోలను విడుదల చేయండి. పోలవరం కింద ఇంకా ఖాళీ కాని ఊళ్ళలో మేం వచ్చి ఫోటోలు తీస్తాం, పెద్దల మాటలు రికార్డు చేస్తాం. స్థానిక సిబ్బంది మాకు దారి చూపేలా ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. అన్నిటికంటే ముందు జరగాల్సింది ఇదే. మిగతావి ఏడాది ఆలస్యమైనా చేసుకోవచ్చు, నీళ్ళు వచ్చాక ఇది చేయలేం.

2. ఊరి పేరు తెలుగులో ఎలా రాయాలో అధికారికంగా దొరకడం లేదు.

గ్రామాల పేజీలకు మాకు ఆధారం 2011 జనగణన పుస్తకాలు. వాటిలో ఊరి పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ లిపిలో దకారానికీ డకారానికీ ఒకే అక్షరం, హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా లేదు, పల్లె అనాలో పల్లి అనాలో తెలియదు. ఆ ఊరివాళ్ళు ఎవరైనా తారసపడి దిద్దేదాకా ఊహించి రాయాల్సి వస్తోంది. ఇక్కడ పడిన తప్పు ఇక్కడితో ఆగదు. ఫోన్లో అడిగితే జవాబు చెప్పే యంత్రాలు వికీపీడియా నుంచే చాలా సమాచారం తీసుకుంటాయి. తప్పు పేరు వాటిల్లోకీ పోతుంది. సొంత ఊరిని సరైన పేరుతో వెతికినవాడికి ఊరు కనబడదు.

తహసీల్దారు కార్యాలయాల్లో ప్రతి గ్రామం పేరూ చక్కటి తెలుగులో ఉంది. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ సమాచారాన్ని స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని అందుబాటులో ఉంచాలని చెబుతోంది. రెవెన్యూ గ్రామాల పూర్తి జాబితాను జనగణన కోడ్‌తో సహా యూనికోడ్ తెలుగులో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా వెతకడానికి, కాపీ చేయడానికి వీలైన అక్షరాల్లో, ప్రకటించండి. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా కేంద్రం ప్రకటించింది. ఆ అంకెలు వచ్చేలోగా ఈ జాబితా వస్తే వేలాది పేజీలు ఒక్కసారిగా సరిదిద్దుకుంటాం.

3. స్వాతంత్ర్య సమరంలో జైలుకెళ్ళిన మామూలు మనుషులు మరుగున పడుతున్నారు.

సరోజినీ రేగాని సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్య సమరయోధుల వివరాల సంపుటాలు 1970ల చివర ప్రభుత్వమే వేయించింది. ఊరు పేరు, పుట్టిన ఏడు, ఏ ఉద్యమంలో పాల్గొన్నారు, ఏ జైల్లో ఎన్నాళ్ళున్నారు వంటి వివరాలు అందులో ఉన్నాయి. మరెక్కడా అచ్చులో కనబడని రైతులు, చేనేత కార్మికులు, ఉపాధ్యాయులు అందులో ఉన్నారు. ఇప్పుడు ఆ పుస్తకం కావాలంటే పెద్ద గ్రంథాలయానికి వెళ్ళాలి. అక్కడ ఉంటే అదృష్టం.

1957 కాపీరైటు చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణకు అచ్చయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళ హక్కు ఉంటుంది. అంటే 1978లో ప్రభుత్వం వేసిన పుస్తకాన్ని స్కాన్ చేసి అందరి ముందూ పెట్టాలంటే 2039 జనవరి 1 దాకా ఆగాలి. ఆ హక్కు వల్ల ప్రభుత్వానికి రూపాయి రావడం లేదు, పుస్తకం మళ్ళీ అచ్చు వేయడమూ లేదు. అప్పటికి ఆ యోధులను చూసినవాళ్ళు ఎవరూ మిగలరు. తాత జైలుకెళ్ళాడని ఇంట్లో విన్న మనవరాలికి ఆ మాటకు ఆధారం చూపే ఒకే ఒక్క పేజీ మీ గోడౌనులో ఉంది.

ఈ సంపుటాలను, జిల్లా గెజిటీర్లను (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసే గ్రంథాలను), జిల్లాలవారీ ప్రాచీన శాసనాల సంపుటాలను, రాష్ట్ర ఆర్కైవ్స్, అకాడమీలు వేసి అమ్మకం ఆపేసిన పుస్తకాలను ఒకే ఉత్తర్వుతో స్వేచ్ఛా లైసెన్సులోకి తెండి. స్కానింగ్ మేం చేసుకుంటాం. అక్షరదోషాలు దిద్ది, వికీపీడియాకు తోడుగా ఉన్న స్వేచ్ఛా పుస్తకాల భాండారం తెలుగు వికీసోర్సులో పెట్టే బాధ్యత కూడా మాదే.

4. గ్రంథాలయాల్లో పాత పత్రికలు పొడి అవుతున్నాయి.

ఇంటి పన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాడు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద వసూలయ్యే పన్ను ఇది. ఆ డబ్బుతో నడిచే ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో నేను చూసింది చెబుతాను. రీడింగ్ రూమ్ వెనక గదిలో, ఇనుప బీరువా పైన, పాత వారపత్రికల బైండు సంపుటాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒకటి దించి తెరిచాను. కాగితం బెల్లం రంగుకు తిరిగింది. కుట్టు దగ్గర వేలు పెడితే చాలు, పుట అంచు పెళుసుగా విరిగి ఒళ్ళో రాలింది. చెద పురుగు నాలుగైదు సంచికల గుండా ఒకే బెజ్జం చేసుకుంటూ పోయింది. ఆ బెజ్జం పక్కనే ఒక తాలూకా కేంద్రంలో రైతు మహాసభ జరిగిన వార్త, మాట్లాడినవాళ్ళ పేర్లు, చేసిన తీర్మానాలు. ఆ సభ గురించి మాకు అప్పటిదాకా ఒక్క ఆధారమూ దొరకలేదు.

స్కాన్ చేసుకుంటాం, పరికరం మేమే తెచ్చుకుంటాం, పుటలు నలగకుండా చూస్తాం, ఒక కాపీ మీకే ఇస్తాం అన్నాం. జిల్లా అధికారి రాష్ట్ర కార్యాలయం అనుమతి కావాలన్నారు. రాష్ట్ర కార్యాలయం జిల్లావారే నిర్ణయించుకోవచ్చంది. మళ్ళీ వెళ్ళేసరికి బీరువా పైన సగం సంపుటాలు లేవు. పాడైపోయినవి తీసేశామన్నారు. ఆ సిబ్బందిని నేను తప్పు పట్టడం లేదు. ఖాళీలు భర్తీ కాక ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరే చేస్తున్నారు. ఏది తీసేయవచ్చో, ఏది తీసేయకూడదో వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు, తప్పు ఎక్కడుందంటే అక్కడ ఉంది.

వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది. పాత పత్రికల కోసం దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు అక్కడికే వెళతారు. ఊరివాళ్ళ పట్టుదలతో నిలబడ్డ సంస్థ అది. పన్ను వసూలు చేసుకునే వ్యవస్థ ఆపాటి జాగ్రత్త పడలేదా? 1965కు ముందు అచ్చయిన ఏ పత్రికనూ, ఏ పుస్తకాన్నీ స్కాన్ చేయకుండా తొలగించకూడదని జిల్లా గ్రంథాలయ సంస్థలకు వెంటనే ఆదేశమివ్వండి. స్వచ్ఛంద కార్యకర్తలు స్కాన్ చేసుకోడానికి ఒక్క పేజీ దరఖాస్తు ఫారం పెట్టి, అనుమతించే అధికారం జిల్లాలోనే ఉంచండి.

5. కళాకారులకు పురస్కారం వస్తుంది, పేజీ రాయడానికి సరిపడా సమాచారం రాదు.

ఏటా జనవరి 25 సాయంత్రం పద్మ పురస్కారాల జాబితా వస్తుంది. ఆ రాత్రి మా వాళ్ళు నిద్ర మానుకుని పేజీలు రాస్తారు. 2022లో కిన్నెర మొగిలయ్య, 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య, బుర్ర వీణ వాయించే దాసరి కొండప్ప, సొంత ఇంటిని గ్రంథాలయంగా మార్చిన కూరెళ్ళ విఠలాచార్య పద్మశ్రీ అందుకున్నారు. జీవితమంతా కళకే ఇచ్చినవాళ్ళ గురించి ఆ రాత్రి దొరికేది అధికారిక ప్రకటనలో రెండు మూడు వాక్యాలు. మర్నాడు పత్రికల్లో వచ్చేదీ వాటి చుట్టూ అల్లినదే. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాయిద్యం ఎలా తయారు చేస్తారు, ఎక్కడెక్కడ ఆడారు అన్నవి దొరకవు. బతికి ఉన్నవాళ్ళ ఫోటో అయితే స్వేచ్ఛా లైసెన్సులో ఉండి తీరాలి, దానికి మినహాయింపు లేదు. ప్రభుత్వ ఫోటోగ్రాఫరు ప్రతి సన్మానంలోనూ పదుల కొద్దీ ఫోటోలు తీస్తారు. వాటిలో ఒక్కటీ మేం వాడుకోలేం. ముఖ్యమంత్రి శాలువా కప్పుతున్న ఫోటో ఊరంతా ఫ్లెక్సీల మీద ఉంటుంది, కళాకారుడి పేజీలో ఫోటో చోటు ఖాళీగా ఉంటుంది.

పురస్కారం అందనివాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఒగ్గు కథ, బుర్రకథ, తోలుబొమ్మలాట, వీధి నాటకం ఆడే బృందాలకు మీ శాఖలు గుర్తింపు కార్డులిస్తాయి, కార్యక్రమాలిస్తాయి, పింఛను దరఖాస్తుల్లో వాళ్ళ కళాజీవితం రాయించుకుంటాయి. వాళ్ళు ఒప్పుకుంటే, సొంత వివరాలు తీసేసి, కళకు సంబంధించిన భాగాన్ని ఏటా ఒక పుస్తకంగా వేయండి. అచ్చులో ఉంటే అది మాకు ఆధారం. సమాచార శాఖ ఫోటోలన్నీ స్వేచ్ఛా లైసెన్సులో పెట్టండి.

6. ఉత్తర్వులు, వాటి వెబ్ లంకెలు (లింకులు) మాయమవుతున్నాయి.

2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏ ఊరు ఏ మండలంలోకి, ఏ మండలం ఏ జిల్లాలోకి పోయిందో ఉత్తర్వులు ముందు పెట్టుకుని ఊరూరికీ మార్చింది మా వాళ్ళే. ఆ మార్పుకు ఆధారంగా ఉత్తర్వు లంకె ఇస్తాం. వెబ్‌సైట్ కొత్త హంగులతో మారగానే పాత లంకెలు చచ్చిపోతాయి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఉత్తర్వులను వెబ్‌సైట్‌లో పెట్టడమే ఆపేశారు, 2024లో గానీ మళ్ళీ మొదలు కాలేదు. పాత పత్రికలను స్కాన్ చేసి ఎంతో మేలు చేసిన ఒక ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటూ ఇలాగే మూతపడింది. దాన్ని ఆధారంగా చూపిన వ్యాసాలు ఎన్నో దిక్కులేనివయ్యాయి. ఇంకా ఉన్న పీడీఎఫ్‌లలో చాలావాటిని యూనికోడ్‌లో కాక పాత ఫాంట్లలో తయారుచేశారు. వాటిలో ఒక ఊరి పేరు వెతికితే దొరకదు, కాపీ చేస్తే గీతలు గీతలుగా వస్తుంది.

మీ మండలం ఏదని ఎవరైనా అడిగితే రైతు తడుముకోకూడదు. ఉత్తర్వులన్నీ యూనికోడ్‌లో, మారని లంకెతో పెట్టండి. వెబ్‌సైట్ మార్చే కాంట్రాక్టులో పాత లంకెలు పనిచేయాలన్న షరతు చేర్చండి.

7. ఆధారాలు లేనిచోట దళారులు పుడుతున్నారు.

వికీపీడియాలో మీ పేజీ పెట్టిస్తాం, ఇంత ఇవ్వండి అని కళాకారులను, చిన్న రచయితలను, సర్పంచులను అడిగేవాళ్ళు తయారయ్యారు. వికీపీడియాలో పేజీకి రుసుము లేదు. డబ్బు తీసుకుని రాసేవాళ్ళు ఆ సంగతి బహిరంగంగా ప్రకటించాలన్నది 2014 నుంచీ ఉన్న షరతు. డబ్బిచ్చి పెట్టించుకున్న పేజీ ఆధారాలు లేక తొలగిపోతుంది, డబ్బు పోతుంది, పరువూ పోతుంది. మీ శాఖల సమావేశాల్లో, కళాకారుల గుర్తింపు కార్డుల శిబిరాల్లో ఈ విషయం చెప్పండి. అలాగే, అధికారుల సొంత పేజీలు రాయమని మాకు ఫోన్లు చేయించవద్దు.

ఇతర రాష్ట్రాల్లో ఇలాంటివి సాధ్యమయ్యాయి. కేరళ ప్రభుత్వం తన సర్వవిజ్ఞానకోశాన్ని మలయాళం వికీపీడియాలో వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చింది. మైసూరు విశ్వవిద్యాలయం 2014లో కన్నడ విశ్వకోశాన్ని క్రియేటివ్ కామన్స్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసింది. తమిళనాడు ప్రభుత్వం ఎందరో రచయితల కుటుంబాలకు డబ్బు చెల్లించి, వారి రచనలను జాతీయం చేసి ప్రజలకు వదిలింది. ఒడిశా ప్రభుత్వం తన సోషల్ మీడియా ఖాతాల్లోని ఫోటోలు, రాతలు 2017లో స్వేచ్ఛా లైసెన్సులో పెట్టింది. కేంద్ర ప్రభుత్వానికి 2017 నుంచే ప్రభుత్వ సమాచారం కోసం ఒక స్వేచ్ఛా లైసెన్సు ఉంది. ప్రభుత్వ సమాచారాన్ని అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ డేటా విధానం తెలంగాణకు 2016 నుంచే ఉంది. విధానంలో ఉన్నది గెజిటీర్ల దాకా, గ్రంథాలయాల బీరువాల దాకా రావడమే మిగిలింది. తెలుగు పుస్తకం మాత్రం ఎందుకు వెనకబడాలి?

మీ కార్యాలయాల్లో మాకు ఎదురైన అభ్యంతరాలు రెండు. వికీపీడియాను ఎవరైనా మార్చేస్తారు, దానికి ప్రభుత్వ సమాచారం ఎలా ఇస్తామన్నది ఒకటి. ఎవరైనా మార్చగలరు కాబట్టే అసలు ఆధారం అందరికీ కనబడాలి. గెజిటీరు పుట పక్కనే ఉంటే తప్పు రాసినవాడి తప్పు క్షణంలో తేలుతుంది. ప్రతి మార్పూ ఎప్పుడు, ఏ ఖాతా నుంచి జరిగిందో పేజీ చరిత్రలో నమోదవుతుంది. ఆధారం మీ దగ్గర తాళం వేసి ఉంటే అబద్ధం రాసినవాడిదే రాజ్యం.

ఎవరో అచ్చు వేసుకుని అమ్ముకుంటారన్నది రెండోది. అమ్ముకోనివ్వండి. పోటీ పరీక్షల పుస్తకాలు వేసేవాళ్ళు ఇప్పుడు కూడా మీ సమాచారాన్ని మీ పేరు చెప్పకుండానే వాడుకుంటున్నారు. స్వేచ్ఛా లైసెన్సు ఉంటే మీ శాఖ పేరు చెప్పి తీరాలి. వ్యాపారానికి కూడదన్న షరతు పెడితే అది వికీపీడియాకు పనికిరాదు, ఊళ్ళో జెరాక్స్ తీసి అమ్మే కుర్రాడికీ పనికిరాదు. దయచేసి ఆ షరతు పెట్టవద్దు.

ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు. ప్రభుత్వ ప్రచురణల మీద హక్కు ప్రభుత్వానిదే. వదులుకునే అధికారమూ దానిదే. రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో ఉత్తర్వు చాలు. ప్రభుత్వం, దాని సంస్థలు తయారుచేసిన చరిత్ర, సంస్కృతి, గ్రామ సమాచారం, ఫోటోలు క్రియేటివ్ కామన్స్ ఆపాదింపు, అదేవిధ పంపిణీ 4.0 లైసెన్సు కింద (కర్త పేరు చెప్పాలి, మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి) విడుదలవుతున్నాయని అందులో ఉండాలి. దానితో పాటు జిల్లాకో అధికారిని నియమించి, మా దరఖాస్తులకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వమనండి. సమాచార హక్కు దరఖాస్తుకు చట్టం ఇచ్చిన గడువు కూడా అదే కాబట్టి ఇది మీకు కొత్త భారం కాదు.

ఈ లేఖ చదివే పాఠకులకు కూడా ఒక మాట. మీ పంచాయతీ తీర్మానాల పుస్తకం, మీ బడి స్వర్ణోత్సవ సంచిక, మీ ఊరి గుడి కరపత్రం మీ ఇంట్లో ఉంటే పారేయకండి. దగ్గరి గ్రంథాలయానికి వెళ్ళి, పాత పత్రికలు ఏమున్నాయో అడిగి జాబితా రాసుకోండి. మీ ఎమ్మెల్యేను కలిసినప్పుడు రోడ్డుతో పాటు దీన్నీ అడగండి.

ఈ ఏడు అంశాల మీద రెండు ప్రభుత్వాల జవాబు కోసం ఎదురుచూస్తాం. జవాబు ఏదైనా, ఒప్పుకోలైనా తిరస్కారమైనా, తెలుగు వికీపీడియాలో అందరం చర్చించుకునే రచ్చబండ పేజీలో అక్షరం మార్చకుండా పెడతాం. తిరస్కరించదలిస్తే ఏ నిబంధన కింద తిరస్కరిస్తున్నారో రాయండి, ఆ నిబంధన మార్చమని శాసనసభ్యులను అడుగుతాం. మాట్లాడుకుందామంటే ఏ జిల్లాకు రమ్మన్నా వస్తాం. ముంపు గ్రామాల ఫైళ్ళ విషయం మాత్రం మిగతావాటితో కలపకుండా, ఈ వానాకాలం లోపే తేల్చమని మరోసారి కోరుతున్నాం.

ఇట్లు,
తెలుగు వికీపీడియా స్వచ్ఛంద రచయితల తరఫున ఒక వాడుకరి